గుడ్ల సంచీతో యూనివర్సిటీకి

చైనాలోని టియాన్‌జిన్ నగరంలో ఆరోగ్యం మీద ఉచిత ఉపన్యాసం ఎక్కడ జరిగినా మొదటి వరసలో యెన్ గ్వీరోంగ్ ఉండి తీరాల్సిందే. ఫ్లాస్కుల ఫ్యాక్టరీలో రిటైరైన ఈ మహాతల్లికి ఉపన్యాసమంటే తెలిసింది ఒకటే. బలం మందులు అమ్మేవాళ్ళు "అమ్మా, అమ్మా" అంటూ చేతులు పట్టుకుని గంటసేపు ఊదరగొడతారు, చివర్లో తలా ఆరు గుడ్లు ఇచ్చి పంపుతారు. తెలివైనవాళ్ళు మందు జోలికి పోకుండా గుడ్లు తెచ్చుకుంటారు. ఆ తెలివైనవాళ్ళలో తనే మొదటిదని గ్వీరోంగ్ నమ్మకం.

నిరుడు తన స్నేహితురాలు లూ షియుయిన్‌ని కూడా అలాంటి చోటికే లాక్కెళ్ళింది. "వింటే పోయేదేముందే, రా" అంది. షియుయిన్ నడుంనొప్పి తగ్గుతుందని ఏకంగా అయస్కాంతాల పరుపు కొనేసింది. నొప్పి తగ్గలేదు సరికదా, పరుపు మంచానికి సరిపోలేదు. కోడలు పడీపడీ నవ్వింది. ఆ అవమానంతో షియుయిన్, ముప్ఫై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర పనిచేసిన గ్వీరోంగ్‌తో మాట మానేసింది.

అప్పటినుంచి గ్వీరోంగ్ ఏ ఉపన్యాసానికి వెళ్ళినా పక్క కుర్చీలో ఒక పాత దిండు పెడుతుంది. ఎవరైనా కూర్చోబోతే "మనిషి వస్తుంది" అని కసురుతుంది. ఏడాదైంది. మనిషి రాలేదు.

ఈ వసంతంలో వీధి చివర బోర్డు మీద కాగితం కనబడింది: ఆరోగ్యం, మన సమాజం, యూనివర్సిటీలో ఉపన్యాసం, ప్రవేశం ఉచితం. యూనివర్సిటీ వాళ్ళు పెద్ద గుడ్లే ఇస్తారనుకుని, గుడ్డ సంచీ, వేడినీళ్ళ ఫ్లాస్కు, దిండు పట్టుకుని గంట ముందే వెళ్ళి కూర్చుంది.

హాలు నిండింది. డాక్టర్ ఫాన్ అనే సన్నపాటి ప్రొఫెసరమ్మ తెర మీద మొదటి బొమ్మ వేసింది. గుడ్ల కోసం బారులు తీరిన ముసలివాళ్ళు. గ్వీరోంగ్ మెల్లగా సంచీని కుర్చీ కిందికి తోసింది.

"మోసమని తెలిసి కూడా వీళ్ళు మళ్ళీ మళ్ళీ ఎందుకు వెళతారు?" అని అడిగింది ఫాన్.

"గుడ్లు ఊరికే వస్తాయి కదండీ" అంది ఒక విద్యార్థిని. హాలంతా నవ్వింది.

గ్వీరోంగ్‌కి ఒళ్ళు మండింది. లేచి నిలబడింది. ఎవరో మైకు అందించారు.

"మా ఫ్రిజ్‌లో గుడ్లు పెట్టడానికి చోటు లేదమ్మాయ్. ఇరుగుపొరుగు కూడా వద్దంటున్నారు."

"మరెందుకు వెళతారు పెద్దమ్మగారూ?" అంది ఫాన్.

"మొదట్లో పొద్దుపోక వెళ్ళేదాన్ని. ఇప్పుడు మా షియుయిన్ కోసం. తెలివైనదాన్నని మురిసిపోయి దాన్ని తీసుకెళ్ళింది నేనే. పరుపు కొన్నది అది, తప్పు నాది. ఆ మాట దాని గుమ్మం ఎక్కి చెప్పడానికి మొహం చెల్లక, ఎక్కడో ఒకచోట ఎదురుపడకపోతుందా అని తిరుగుతున్నా." అంటూ గ్వీరోంగ్ చటుక్కున కూర్చుంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

వెనక తలుపు దగ్గర కుర్చీ కిర్రుమంది. వీధి సంఘంవాళ్ళు మోసపోయినవాళ్ళందరినీ ఈ ఉపన్యాసానికి వెళ్ళమని పోరితే విసుక్కుంటూ వచ్చిన షియుయిన్, నడుం పట్టుకుని మెట్లు దిగి మొదటి వరసకి వచ్చింది. దిండు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఫ్యాక్టరీలో నా దిండు కాదూ? ఎప్పుడు కొట్టేశావే?"

"నువ్వే మర్చిపోయావు. దాచా."

షియుయిన్ దాన్ని నడుం వెనక పెట్టుకుని, మూలుగుతూ కూర్చుంది. గ్వీరోంగ్ ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు పోసి అందించింది.

"నొప్పి ఇంకా ఉందా?"

షియుయిన్ నీళ్ళు ఊదుకుంటూ తెరవైపే చూసింది.

"ఏడాదికి అడిగావు" అంది.