గంగారాం చూసిన గెంట్ నగరం

దయ్యాలనూ శకునాలనూ నేనెన్నడూ నమ్మలేదు. ముప్పయ్యేళ్లు లెక్కలు బోధించినవాణ్ణి. రుజువు లేని మాటను తరగతిలోకి రానివ్వలేదు. కనుక జరిగినది జరిగిన క్రమంలోనే రాస్తున్నాను.

పదవీ విరమణ తరువాత బహ్రెయిన్‌లోని మనామాలో మా అబ్బాయి ఇంట ఉంటున్నాను. వారానికి రెండు మధ్యాహ్నాలు సల్మానియా ఆసుపత్రికి వెళ్లి, తెలుగు కూలీల మాటలను డాక్టర్లకు ఇంగ్లీషులో వివరిస్తాను. రోగి మాటను ఉన్నదున్నట్టు చెప్పడం, వార్డులో ఫోన్ ఆపివేయడం, ఇంటి సంగతులు ఎత్తకపోవడం నా నియమాలు.

మనవరాలు హారిక బెల్జియంలోని గెంట్‌లో చదువుతున్నది. లెయ్, షెల్ట్ నదులు కలిసే పాత రేవు పట్టణమది. ఈ విషయం ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు.

ఒకనాడు, పరంజా మీది నుంచి పడి రెండు రోజులుగా స్పృహ లేని గంగారాం అనే జగిత్యాల కూలీ కళ్లు తెరిచాడు. నొప్పి ఎక్కడని అడగమన్నారు డాక్టరు. అడిగాను. అతను నన్నే చూస్తూ అన్నాడు:

“సారూ, గా రెండేర్లు కలిసే ఊర్ల మీ మనుమరాలు సైకిల్ తొక్కుతాంది. మూడు బురుజులు అవుపడ్తున్నయి. రోడ్డు నడుమ ఇనుప పట్టాలున్నయి, చక్రం ఇరుకుతది. పిల్లను దిగి నడువుమను.”

హారిక పంపిన ఫొటోలో ఆ మూడు బురుజులనూ నేను చూశాను. అయినా “మాట్లాడకు, పడుకో” అని గద్దించాను. ఏమన్నాడని డాక్టరు అడిగితే, “ఏమీ లేదు, కలవరింత” అన్నాను. రోగి మాటను దాచడం అదే మొదటిసారి. ఫోన్ విషయంలో మాత్రం నియమం తప్పలేదు. మిగిలిన నలుగురు రోగులనూ చూశాను.

బయటికి వచ్చి హారికకు ఏడుసార్లు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. ఎనిమిదోసారి హారిక స్నేహితురాలు పలికింది. ట్రాం పట్టాల సందులో చక్రం ఇరుక్కుని హారిక పడిపోయిందట. భుజం విరిగింది, ప్రాణభయం లేదు. ఎన్ని గంటలకని అడిగాను. గంగారాం ఆ మాట అన్న పావుగంటకు.

మర్నాడు వెళ్లి అడిగితే అతనికి ఏదీ గుర్తులేదు. చూడవచ్చిన తోటి కూలీ సాయన్న నవ్వాడు. గల్ఫ్‌లో ఏ దేశమైనా వీళ్లకు దుబాయే.

“మావోడు ఈ దుబాయి తప్ప ఏ దేశం వోలే సారూ. ఏరంటే గోదారే ఎరుక. మీకు గిట్ల ఎండదెబ్బ తగిలిందా ఏంది?”

నా ఇంటి సంగతి అతనికి ఎవరో చెప్పి ఉంటారనుకుందాం. జరగబోయేది ఎవరు చెప్పారు? ఎంత ఆలోచించినా ఆ లెక్క తేలలేదు.

హారిక కోలుకుని మళ్లీ సైకిలెక్కింది. నాకు పావుగంట ముందే తెలుసునని ఆమెకు తెలియదు. చెప్పాలనే రోజూ మధ్యాహ్నం ఫోన్ చేస్తాను. తిన్నావా అని అడిగి పెట్టేస్తాను.