బచేలి నుంచి కదిలిన పగడాలు

భీమిలి తీరంలో పుట్టిన పైడితల్లి బచేలి గనుల కాలనీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైంది. క్వార్టరు ఖాళీ చేసి జగదల్‌పూర్ వెళ్లాలి. సామానంతా లారీ ఎక్కింది. మిగిలింది పదకొండేళ్లుగా ఆమె పెంచుతున్న ఉప్పునీటి అక్వేరియం. అందులో ప్రాణమున్న మెత్తటి పగడాలూ, తెల్ల చారల నారింజ చేపలూ ఉన్నాయి. దారిలోనే చచ్చిపోతాయి, ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు అందరూ. ఆమె వినలేదు.

పాత నీళ్లు డబ్బాలకు పట్టి, పగడాలనూ చేపలనూ రెండు థర్మాకోల్ పెట్టెల్లో ఉంచి, బ్యాటరీతో నడిచే గాలిపంపులు పెట్టి జీపులో బయలుదేరింది. గీదం దాటాక ఒక లారీ రోడ్డుకు అడ్డంగా చెడిపోయి బండ్లన్నీ నిలిచిపోయాయి. రెండు గంటలు గడిచేసరికి పంపులు ఆగిపోయాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి.

పైడితల్లి మగ్గుతో నీళ్లు తీసి, ఎత్తునుంచి మళ్లీ పెట్టెలోకే పొయ్యసాగింది.

“ఏం చేస్తున్నరమ్మా?” అన్నాడు డ్రైవరు ప్రకాష్.

“నీళ్లలోకి గాలెక్కాలి బాబూ. ఆ రెండో పెట్టి నువ్వు సూడు.”

అతను స్టీలు గ్లాసు అందుకున్నాడు. దారి తెరుచుకునేదాకా ఇద్దరూ చేతులు ఆపలేదు. తర్వాత అతను బండి నడుపుతుంటే రెండు పెట్టెల్లోనూ ఆమే నీళ్లు తీసి పోసింది.

కొత్తింట్లో మూడు రోజులు పగడాలు ముడుచుకునే ఉన్నాయి. నాలుగో రోజు పొద్దున ఒక్కొక్కటే విచ్చుకుని నీళ్లలో ఊగాయి. పైడితల్లి వెంటనే ప్రకాష్‌కు ఫోన్ చేసింది.

“అన్నీ బతికినాయి బాబూ! మీ ఆవిణ్ణి తీసుకుని రా, సూద్దురుగాని!”