వేడినీళ్లతో మూడుసార్లు

కుప్పంలో పరిశోధనకు చేరిన మొదటి ఏడాది నా కణాలు నా మాట వినలేదు. పక్క బల్ల మీద పనిచేసే సీనియర్ అక్క మాట మాత్రం వినేవి. ఇద్దరమూ ఒకే సీసాలోంచి కణాలు తీసేవాళ్లం. ప్రోటీనూ ఒకటే, గాజు బిళ్లలూ ఒకే డబ్బాలోవి. ఆమె బిళ్లల మీద గంట తిరక్కుండానే అతుక్కుని పరుచుకునేవి. నా వాటి మీద ఆవగింజల్లా గుండ్రంగా ఉండి, పళ్లెం కాస్త కదిపితే చాలు, దొర్లిపోయేవి.

మా పని చెప్పుకోవడానికి చిన్నదే. ఒంట్లో కణాలు ఊరికే నిలబడవు. వాటి చుట్టూ కొల్లాజెన్, ఫైబ్రోనెక్టిన్ లాంటి ప్రోటీన్లు అల్లుకుని ఉంటాయి. వాటిని పట్టుకునే కణం బతుకుతుంది. గాజు బిళ్ల మీద ఫైబ్రోనెక్టిన్ పోసి, కాసేపు ఉంచి, మిగిలింది కడిగేస్తే కంటికి కనపడని పల్చటి పొర ఒకటి దాని మీద ఉండిపోతుంది. ఆ పొర మీద కణాలు వదలాలి. గుండ్రంగా దిగిన కణం తనకు తెలిసిన ప్రోటీన్ తగిలితే పట్టుకుంటుంది. పట్టు కుదిరాక అంచులు చాచి పరుచుకుంటుంది. పుండు మానేటప్పుడు పక్కనున్న చర్మం కణాలు లోపలికి పాక్కుంటూ వచ్చేదీ ఇలాంటి ప్రోటీన్ల మీదే. పట్టు దొరకని కణం చచ్చిపోతుంది.

నావి చచ్చిపోయేవి. ఎందుకో తెలిసేది కాదు. కణాలు ముసలివయ్యాయేమో అనుకుని కొత్తవి పెంచాను. ప్రోటీన్ పాడైందేమో అనుకుని కొత్త సీసా విప్పించాను. నీళ్లను అనుమానించాను, కరెంటును అనుమానించాను, చివరికి నా హస్తవాసినే అనుమానించాను. మా ఊళ్లో కొందరి చేత్తో తోడేస్తే పెరుగు తోడుకోదంటారు. అదేదో నాకూ పట్టుకుందేమోనని, సైన్సు చదివేదాన్ని, నిజంగానే భయపడ్డాను. ఓసారి అక్క అంది, "నువ్వు చేసేటప్పుడు నేను పక్కన నిలబడి చూస్తాలే." నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కదా, "నాకు చేతకాదనా?" అని గయ్యిమన్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

కడగడం ఒక్కటే నేను అనుమానించలేదు. అనుమానించే ప్రసక్తే లేదు. మాది పుంగనూరు దగ్గర ఆవుల్ని పెంచుకునే ఇల్లు. పాలచెంబు లోపల సన్నటి పొర మిగిలినా మర్నాడు పాలు విరుగుతాయి, పాల కేంద్రంలో తీసుకోరు, పరువు పోతుంది. అందుకని సలసల కాగే నీళ్లతో మూడుసార్లు తొలిచి, చుక్క లేకుండా ఎండేదాకా బోర్లించి పెట్టాలి. నేను నడక తర్వాత నేర్చుకున్నది అదే. ల్యాబు కాగితం మీద 'వెచ్చటి ద్రావణంతో మెల్లగా కడగాలి' అని ఉండేది. వెచ్చన అంటే మా ఇంట్లో ఎంతో నాకు తెలుసు. ఆ మెల్లగా అన్న మాట చేతకానివాళ్ల కోసం రాశారనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఈనిన ఆవు ఒకటి నాయన కాలు తొక్కింది. బొటనవేలి పక్క వేలు చితికి పుండు పడింది. ఆయనకు చక్కెర జబ్బు. పాదాల్లో స్పర్శ అప్పటికే తగ్గిపోయింది. మదనపల్లె డాక్టరు మందులిచ్చి, పుండు మీద చర్మం రావడం మొదలవకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని చెప్పి పంపాడు. కట్టు ఎలా కట్టాలో నర్సు చూపించింది. నాయనకు అది చాలలేదు. నాకు ఫోన్ చేశాడు.

"నువ్వు సదివేది ఈ పుండ్ల సంగతే గదా పాపా. ఎట్ల కడగాల్నో సెప్పు."

చెప్పాను. నా కణాలు నాకే లొంగని రోజుల్లో, లోకంలో ఒక మనిషైనా నన్ను తెలిసినదానిలా అడిగాడన్న సంతోషంతో చెప్పాను. "వేడినీళ్లతో మూడుసార్లు నాయనా. పొర కనిపిస్తే ఉంచొద్దు. తడి లేకుండా బాగా ఆరనీ. నేను ఈడ చేసేది అట్లనే."

మూడు వారాలు గడిచాయి. చక్కెర తగ్గింది, చీము లేదు, పుండు మాత్రం మానలేదు. డాక్టరుకూ అర్థం కాలేదని నాయన ఫోన్లో చెప్పాడు. ఇక్కడ కణాలు అతుక్కోవు, అక్కడ పుండు పూడదు. రెండు చోట్లా అంతా సరిగ్గానే చేస్తున్నాం.

ఆస్పత్రికి తోడు వెళ్దామని శనివారం బస్సెక్కి ఊరికి వెళ్లాను. ఆదివారం పొద్దున నాయన పశువులకొట్టం ముందు కూర్చుని కట్టు విప్పాడు. పక్కన పాలచెంబు కడిగే గిన్నెలో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. ఒక చెంబు తీసి పుండు మీద పోసుకున్నాడు. ముఖంలో కదలిక లేదు. రెండో చెంబు పోసి గుడ్డతో తుడిచాడు. పుండు అంచున లేత గులాబీ రంగులో మెరుస్తూ ఒక సన్నటి పొర ఉంది. అది గుడ్డకు వచ్చేసింది.

"సూడు పాపా, దినామూ వస్తానే ఉండాది ఈ పొర. నేనూ ఇడిసిపెట్టకుండా తీస్తాండా."

మూడో చెంబు పోసుకుని, ఆరడానికి కాలు ఎండలోకి చాపాడు.

మూడు వారాలుగా రోజూ వచ్చిన కొత్త చర్మాన్ని రోజూ తుడిచేయించింది నేనే. నా బిళ్లల మీద పొరను ఉడకబెట్టి ఎండబెట్టిందీ నేనే. అక్కకు చూపించి ఉంటే ఒక్క పూటలో తెలిసేది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని కూర్చున్నాను.

మర్నాడు మదనపల్లెలో డాక్టరు కట్టు విప్పి పుండునూ, చుట్టూ కమిలిన చర్మాన్నీ చాలాసేపు చూశాడు. "వేడినీళ్లు పోస్తున్నారా? ఎవరు చెప్పారండీ మీకు?"

నేను నోరు తెరిచాను. నాయన నా మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కాడు.

"ఎవురూ సెప్పలేదు సార్. పాలసెంబు కడిగే అలవాటు. నాకే తెల్లే."

ఇన్‌ఫెక్షన్ ఎముకదాకా పోయింది, వేలు తీసేయాల్సిందే అన్నాడు డాక్టరు. బయట బెంచీ మీద కూర్చున్నాక అడిగాను. "యాల అట్ల చెప్పినావు నాయనా?"

"నువ్వు అదే సదువు సదవతాండావు. నీకే తెలీదని తెలిస్తే ఆయప్ప ఏమనుకుంటాడు?"

నేను ఆస్పత్రి అని కూడా చూడకుండా ఏడ్చాను. ఆయన మాత్రం ఇంటి దగ్గర ఆవుకు మేత వేసే వేళయిందని గొణిగాడు.

వేలు తీసేశాక వారానికి కుప్పం వచ్చి మళ్లీ బిళ్లలు సిద్ధం చేశాను. అక్కను పక్కన నిలబడమని నేనే అడిగాను. గోరువెచ్చటి ద్రావణంతో ఒక్కసారి మెల్లగా కడిగి, ఆరకముందే కణాలు వదిలాను. ముప్పావు గంట తర్వాత చూస్తే కణాలు అంచులు చాచి పరుచుకుని ఉన్నాయి. అక్క భుజం తట్టింది.

ఆ సాయంత్రం నాయన ఫోన్ చేశాడు. "నీ కణాలు పట్టుకున్యాయా పాపా?"

"పట్టుకున్నాయి నాయనా."

"మేలాయె. రేపు కుట్లు ఇప్పుతారంట. ఆ పుండు కడిగేది ఎట్లో డాక్టరు సెప్పినాడులే. అయినా నువ్వు సెప్పు. నువ్వు సెప్పినట్టే సేస్తా."