నాన్న అచ్చువేసిన పేర్లు

వాన వెలిసిన పొద్దున మా భవానీపురం వీధిలో మున్సిపాలిటీ వాళ్ళు బ్లీచింగ్ పౌడర్ చల్లితే, ఆ ఘాటుకి నాకు మళ్ళీ తొమ్మిదేళ్ళు వచ్చేస్తాయి.

డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చినప్పుడు నాన్న వన్ టౌన్‌లో ఒక దినపత్రికకు ఎడిటరు. ఏటా క్రిస్మస్ ముందు అమ్మ గులాబీ పువ్వుల అచ్చును కాగే నూనెలో ముంచుతుంటే, పక్కగదిలో తాతయ్య క్రిస్మస్ కీర్తనలు తనకొచ్చిన రాగంలో పాడుకుంటుంటే, నేనూ చెల్లీ పత్రికాఫీసు కాగితం ముక్కలకు రంగు పూసి నక్షత్రం అంటించేవాళ్ళం. ఆ ఏడు మూకుడు పొయ్యెక్కలేదు. ఉప్పెన తగ్గగానే నాన్న తానే లారీ ఎక్కి చల్లపల్లి దాటి, దివిసీమలో రోడ్డు లేనిచోట బురదలో నడిచి, నాలుగో రోజు ఒళ్ళంతా బ్లీచింగ్ కంపుతో తిరిగొచ్చాడు. సంచిలో మూడు నోటుబుక్కులు, వాటినిండా చనిపోయినవాళ్ళ పేర్లు, ఇంటిపేర్లతో సహా. తడిసి అలుక్కుపోయిన ఆ రాతను నేను చదువుతుంటే ఆయన తిరగరాశాడు. ఒకచోట ఒకే ఇంటిపేరు వరసగా ఏడుసార్లు వచ్చింది. ఏడో పిల్లది నా పేరే. నేను నోటుబుక్కు మూసేశాను.

"చదువమ్మా. ఆ పిల్లనీ చదువు," అన్నాడు.

ఎప్పుడూ మా గడప తొక్కని పత్రిక యజమాని ఆ మధ్యాహ్నం కారులో వచ్చారు.

"ఎంతమందో వేస్తే సరిపోద్ది కదండీ. పేర్లన్నీ వేస్తే సర్కారు లెక్క తప్పని తేలిపోద్ది."

"తేలాలనేనండీ," అన్నాడు నాన్న, కాఫీ గ్లాసు ఆయన చేతికిస్తూ.

మర్నాడు మొదటి పేజీ నిండా పేర్లే. సాయంత్రానికి ఉద్యోగం పోయింది. క్షమాపణ రాసిస్తే మళ్ళీ తీసుకుంటామని కబురొచ్చింది.

"ఆ కాగితం రాశారంటే నేను పొయ్యి వెలిగించను," అంది అమ్మ. ఆయన రాయలేదు. అమ్మ టీచరు ఉద్యోగంతోనే ఇల్లు సాగింది. దివిసీమ నుంచి మనుషులు ఆ పేజీని మడిచి జేబులో పెట్టుకొచ్చి, మా అరుగు మీద కూర్చుని, "మా అమ్మ పేరు రాలేదండీ," అనేవారు. పత్రిక లేని ఎడిటరు ఆ పేర్లు కూడా రాసుకునేవాడు.

రెండేళ్ళకు యూనివర్సిటీలో జర్నలిజం చెప్పడానికి పిలిచారు. పాత గొడవ క్లాసులో ఎత్తవద్దని పెద్దలు ముందే చెప్పారట. నాన్న మొదటిరోజే పిల్లలచేత ఆ పేజీ మొత్తం పైకి చదివించాడు. ప్రొఫెసరై రిటైరయ్యేదాకా ఏటా మొదటి పాఠం అదే.

నాన్న ఇప్పుడు లేడు. పత్రిక ఎప్పుడో మూతపడింది, ఆఫీసున్న చోట చీరల గోడౌను వెలిసింది, సీసపు అక్షరాలు పేర్చిన చేతులూ పోయాయి. టీవీలో అడుగున 'నలుగురు కూలీల మృతి' అని ఒక్క ముక్క పరిగెడుతుంది. నేను ఆ ఛానలుకి ఫోను చేస్తాను.

"పేర్లు తెలీవు మేడమ్," అంటాడు అవతలి కుర్రాడు.

"కనుక్కో బాబూ. నేను లైన్లోనే ఉంటాను."