పక్కింటి అక్క తినని గుడ్లు

పక్కింటి అక్క పోయిన సంగతి నాకు మొదట ఆమె కోళ్లే చెప్పాయి. ఎండ మా వాకిట్లోకి వచ్చేసినా గంపల కింద అవి గోల చేస్తూనే ఉన్నాయి. రోజూ మా పొయ్యి వెలగకముందే ఆమె ఆ గంపలు ఎత్తేసేది. ఇవాళ ఏమైందో చూద్దామని గోడ దగ్గరికి పోయేసరికి అవతలి నుంచి ఆమె కూతురు పిలిచింది. "చిన్నమ్మా, ఒకసారి రా. అమ్మ లేయడం ల్యా." చుట్టూ తిరిగి పోయే ఓపిక లేక గోడే దూకాను. అప్పటికే అక్క ఒళ్ళు చల్లబడిపోయింది.

మధ్యాహ్నానికి వీధి వీధంతా చేరింది. "పసుపు కుంకుమలతో పోయింది, అదృష్టవంతురాలు" అందొకామె. "ఎవురితోనూ చేయించుకోకుండా పోయింది, పుణ్యాత్మురాలు" అంది ఇంకొకామె. నాకు ఒళ్ళు మండింది. పిల్లలకు పెళ్ళిళ్ళన్నా కాకముందే, దగ్గి దగ్గి, ఎముకల గూడై పోవడం అదృష్టమా? శవం ముందు రచ్చ ఎందుకని నోరు కట్టేసుకున్నాను. ఆ రోజు మింగిన మాటలే ఇప్పుడు రాస్తున్నాను. మెత్తగా ఉండవు, ఏమనుకోకండి.

మాది మగ్గం నేసే ఇల్లు. వాళ్లది సేద్యం ఇల్లు. వాళ్ల మెట్టచేను వానను నమ్ముకుంటే, ఇల్లు ఆమె కోళ్లను నమ్ముకుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆమె నల్లపెట్ట ఒకటి మా మగ్గం గుంతలో, సరిగ్గా కాళ్లు పెట్టే చోట, గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. చూసుకోకుండా ఒకటి తొక్కేశాను. గోడ మీదుగా తిట్టాను. ఆమె నాకంటే గట్టిగా తిట్టింది. "గుంత నీదైతే గుడ్డు నాది. తొక్కినదానికి ఏం చెప్తావో చెప్పు!" సాయంత్రం తనే వచ్చి, గుంతలోకి దిగి, పెట్టను చంకలో పెట్టుకుంది. "దీనికి బుద్ధి ల్యా. నీకన్నా ఉండాల గదమే" అని పకపకా నవ్వింది. అప్పటి నుంచి ఆమె నాకు అక్క.

కోళ్ల పెంపకం ఆమెకు పని కాదు, పిచ్చి. పాత కుండలో పేడ, చొప్ప ముక్కలు కుక్కి, తడిపి, చేను గట్టు మీద బోర్లించి వచ్చేది. మరునాడు ఎత్తితే దాని నిండా చెదలు. కోడిపిల్లలకు ఆ పూట విందే. వీధి కోళ్లలో తనవి కలిసిపోకుండా రెక్కలకు రంగు పూసేది. నూలుకు అద్దగా మిగిలిన రంగు మా ఇంట్లోనే అడిగి తీసుకుపోయేది. "మీ చీర కట్టే రాత నాకు ల్యాకపోయినా మీ రంగు నా కోళ్లకన్నా ఉండాది" అనేది. గద్ద కనిపిస్తే చేట పట్టుకుని వీధి చివరిదాకా పరుగెత్తేది. దాన్ని ఆమె తిట్టిన తిట్లు అచ్చులో వేయడానికి పనికిరావు.

కోళ్లకు తెగులు వచ్చిన ఏడాది సగం కోళ్లు మెడలు వాల్చి చచ్చిపోయాయి. మిగిలినవాటిని గంపలో పెట్టుకుని, నెత్తిన ఎత్తుకుని, నడి ఎండలో పశువుల ఆస్పత్రికి నడిచిపోయి చుక్కల మందు వేయించుకొచ్చింది. కోడికి జబ్బు చేస్తే ఆ పూటే ఆస్పత్రి. తనకు దగ్గు పట్టుకుంటే మాత్రం నెలల తరబడి శొంఠి కషాయం. ఆ ఇంట్లో ఎవరికీ అది వింతగా అనిపించలేదు.

చివరికి నేనే పట్టుబట్టి కడపకు పిలుచుకుపోయాను. నేను బావా అని పిలిచే ఆమె భర్తకు ఆ రోజు చేన్లో పని ఉంది. కొడుకు పోలీసు ఉద్యోగం కోసం పరుగు నేర్చుకుంటున్నాడు, మైదానం వదలడు. పరీక్షలన్నీ చేసి టీబీ అన్నారు. డాక్టరమ్మ మంచిది. మాత్రలు చేతికిచ్చి, "వీటితో పాటు మంచి తిండి ఉంటేనే నువ్వు లేస్తావు. రోజూ గుడ్డు తినాలి. కొనుక్కోగలవా?" అని అడిగింది. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా ఇంట్లో ఉండేవే కోళ్లు మేడం." డాక్టరమ్మా నవ్వింది, నేనూ నవ్వాను. ఇక భయం లేదనుకుంటూ బస్సెక్కాం.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే అక్క వాళ్లత్త రెండు చేతులూ అడ్డం ఊపింది. "ఆ మాత్రలే అగ్గి. దాని మీద గుడ్డు పడితే పేగులు కాలిపోవా? పథ్యం ఉండాల, పథ్యం!" ఆమె చెడ్డ మనిషి కాదు. జబ్బు మనిషికి చారు మెతుకులు తప్ప ఏమీ పెట్టని కాలంలో బతికింది. కోడలికి జ్వరం వచ్చినప్పుడు తడిగుడ్డతో ఒళ్ళు తుడిచిందీ ఆమే. కానీ ఆ పథ్యం ఎంత తెలివైనదో చూడండి. రోగి నోరు కట్టేసి మిగతావాళ్ల పళ్లేలు నింపింది. కొడుక్కు పొద్దున్నే పచ్చి గుడ్లు. బావకు సంగటిలోకి అట్టు. తుంటి విరిగిన అత్తకు ఉడకబెట్టిన గుడ్డు. చుట్టాలొస్తే పులుసు. మిగిలినవి వేంపల్లె సంతకన్నా పోతాయి, పెట్ట కింద పొదగడానికన్నా పోతాయి. వీటిలో అక్క వంతు ఎక్కడుందో నాకు చూపించండి.

ఒకసారి ఉండబట్టలేక బావను వీధిలోనే నిలబెట్టి అడిగాను. "అక్కకు రోజుకొక గుడ్డు పెట్టుకోలేరా బావా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇంటి నిండా గుడ్లే గదమ్మా. తినొద్దని ఎవురన్న్యారు?"

అత్తకు పథ్యమనే భయమన్నా ఉంది. ఈయనకు అదీ లేదు. తినొద్దని అనలేదు సరే, తినమని ఎప్పుడన్నా అన్నాడా? పక్కన కూర్చుని ఆమె కంచంలోకి ఒక్కసారన్నా తొంగి చూశాడా?

అక్క మీదా నాకు కోపమే. నేను గుడ్డు ఉడకబెట్టి గోడ మీద నుంచి అందిస్తే కొంగులో దాచుకునేది. నా ముందు తినమంటే "ఇప్పుడే మాత్ర ఏసుకుంటి, కడుపులో తిప్పుతాండాది" అనేది. తర్వాత వాళ్ల పాపను అడిగితే, "అమ్మ నాకు పెట్టింది చిన్నమ్మా. నేనొద్దంటే తిట్టింది" అని తలొంచుకుంది. ఆ రోజు అక్కతో పెద్ద గొడవ పెట్టుకున్నాను.

"నేను తింటే ఒక పూట. పొదిగేస్తే ఒక కోడి. యాది మేలో నువ్వే చెప్పు" అంది.

"నువ్వుంటే గదా కోడి!" అని అరిచాను.

నవ్వబోయింది. దగ్గు అడ్డం వచ్చింది.

ఖాళీ కడుపులో మాత్రలు నిలవక వాంతులయ్యేవి. వాంతులకు భయపడి మాత్రలు ఎగ్గొట్టేది. ఇంటికి వచ్చి మాత్రలిచ్చే ఆశా కార్యకర్త తిట్టింది, నేను తిట్టాను. మళ్ళీ నాలుగు రోజులు వేసుకునేది, మళ్ళీ మానేసేది. కడపటి నెలల్లో గంప ఎత్తే బలం కూడా లేదు. గడపలో కూర్చుని, "ఆ ఎర్రపెట్టను ఒదిలిపెట్టు. ఆ పిల్లల కోడికి నూకలు ఇంకొన్ని చల్లు" అంటూ పాపకు పని చెప్పేది. కాలేజీకి పోవాల్సిన పిల్ల కోళ్ల వెంట తిరుగుతుంటే ఆ ఇంట్లో అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. పని ఆగలేదు కదా.

దినాలనాడు సమాధి దగ్గర ఆకు పరిచి, పోయిన మనిషికి ఇష్టమైనవి పెట్టాలి. ఏమిష్టమని పెద్దలు అడిగారు. బావ కొడుకు వైపు చూశాడు, కొడుకు అవ్వ వైపు చూశాడు. ఇన్నేళ్లు వండిపెట్టిన మనిషికి ఏమిష్టమో ఒక్కరికీ తెలియదు. చివరికి ఎవరో అన్నారు, "కోళ్లంటే పానం గదా. కోడికూర, గుడ్లు పెట్టండప్పా." అంతే. ఆమె పేరు పెట్టి పిలుచుకున్న పెట్టనే కోశారు. ఆకు నిండా ఉడకబెట్టిన గుడ్లు కుప్ప పోశారు. కాకి వచ్చి ఒక గుడ్డును పొడిచి ఎత్తుకుపోయింది. "ముట్టింది, ముట్టింది! తృప్తిగా పోయింది తల్లి" అని అందరూ దండం పెట్టారు. నేను పెట్టలేదు.

ఇంటికొచ్చాక భోజనాల బంతి వేశారు. మగవాళ్లు ముందు కూర్చున్నారు. పాప వడ్డిస్తోంది. మిగిలిన గుడ్లు పెంకు కూడా తీయకుండా ఒక గిన్నెలో ఉన్నాయి. అవ్వ మంచం మీద నుంచే కేక వేసింది. "గుడ్లు చూసి ఎయ్‌మే, మగోళ్లకు తక్కువ పడతాయ్."

పాప ఆగింది. గిన్నె పట్టుకుని బంతిలో వాళ్ల నాయన ఎదురుగా చతికిలబడింది. ఒక గుడ్డు తీసి నేలకేసి కొట్టి, పెంకు ఒలిచి, ఉప్పు కూడా అద్దుకోకుండా నోట్లో పెట్టుకుంది. బావ చెయ్యి సంగటి ముద్ద మీదే ఆగిపోయింది. "ఏందిమే అది, అందరూ చూస్తాండారు" అంది అవ్వ. పాప ఎవరి వైపూ చూడలేదు. కళ్ల నీళ్లు కారుతూనే ఉన్నాయి. నమిలింది, కష్టంగా మింగింది, మోచేత్తో ముక్కు తుడుచుకుంది. మళ్ళీ గిన్నెలోకి చెయ్యి పెట్టి రెండో గుడ్డు తీసింది. తెల్లటి పెంకులు ఆమె ఒళ్ళో రాలుతున్నాయి.