ఫోటో వెనక పేరు

పొద్దున్నే బడి మైదానం నుంచి బ్యాండు పెద్ద డ్రమ్ము మోత వినబడితే చాలు, నా కుడిచేతి చూపుడువేలు దానంతటదే వంగుతుంది. ఇప్పుడా వేలికి కీళ్ళనొప్పులు. అయినా, తరుగుతున్న బెండకాయ పక్కన పెట్టి మరీ గాలిని ఒక్కసారి నొక్కుతుంది. ఈ అలవాటు సన్యాసిరావు గారు చేసింది.

ఆయన ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఎలక్ట్రీషియను. మాలాగే విజయనగరం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి సెక్టర్ ఆరులో ఉండేవారు. నేను బడిలో ఆయాను. ఉన్నమాట చెప్పాలంటే ఆయన గొప్ప ఫోటోగ్రాఫరేమీ కాదు, సగం ఫోటోల్లో ఆకాశమే ఎక్కువ. కానీ పిల్లల బ్యాండు కవాతు చేసిన ప్రతిసారీ, ఎవరూ పిలవకుండానే, షిఫ్టు దిగి మెడలో కెమెరాతో సైకిలు మీద వచ్చేసేవారు. పిల్లలందరికీ తలా ఒక ఫోటో ఇచ్చేవారు. చిక్కేమిటంటే, టోపీలు కనుబొమల దాకా దించుకున్న పిల్లలు ఆయన కంటికి అందరూ ఒకేలా ఉండేవారు. ఒకరి ఫోటో ఇంకొకరికిచ్చి ఏడిపించేవారు. నాకు మాత్రం నిలబడిన తీరునుబట్టే తెలిసిపోయేది. వాళ్ళ నడుంపట్టీలు కట్టేది నేనే కదా.

ఒకరోజు వరండాలో ఫోటోలు పరిచి నన్ను పిలిచారు.

“ఇదెవులు పైడమ్మా?”

“సరిత. కళ్ళు లేవేటి అన్నయ్యా?”

“అయితే వెనకాల పేరు రాసీ.”

“నాకు రాతే వొస్తే ఈ బక్కెట్టెందుకు మోస్తాను?”

“నీకు పేర్లొచ్చు, నాకు అచ్చరాలొచ్చు. చెరో సగం. కూకో.”

నలభై దాటాక నేను పట్టిన మొదటి పెన్సిలు అది. పలకా లేదు, పుస్తకమూ లేదు. పిల్లల ఫోటోల వెనకవైపే నా చదువంతా. సరిత అన్న ఒక్క పేరుకే నాకు వారం పట్టింది. “దీదీ, అబ్ కలెక్టర్ బనోగీ క్యా?” అని ఒక టీచరమ్మ నవ్వితే, ఆయన తలెత్తకుండానే, కలెక్టరే అవుతుందని, ముందు మీ పేరే రాస్తుందని హిందీలో జవాబిచ్చారు.

కవాతు ఫోటోకి ఆయన లెక్క ఆయనకుండేది. పెద్ద డ్రమ్ము మోగినప్పుడు పిల్లల ఎడమకాళ్ళన్నీ ఒక్కసారిగా నేల తాకుతాయి. “మొహాలు చూడకు, కాళ్ళు చూడు. దెబ్బ పడీసరికి నొక్కీ” అనేవారు. కెమెరా చేతికివ్వకుండానే, గాలిలో నొక్కించి నేర్పారు.

ఆయన రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయే ముందు ఆఖరి కవాతు. అన్నేళ్ళ ఫోటోల్లో ఆయన ఒక్కదాంట్లోనూ లేరని నాకప్పుడు తట్టింది.

“అన్నయ్యా, నీదొకటి తీస్తాను.”

“నా మొహానికేటి ఫోటో?” అంటూనే కెమెరా నా మెడలో వేశారు. రీలులో ఒక్కటే మిగిలింది. ఆయన వరస పక్కన నిలబడ్డారు. వరస కదిలింది, డ్రమ్ము మోగింది. నా కళ్ళు అలవాటుగా కాళ్ళ మీదికి పోయాయి. నొక్కేశాను.

ఫోటో చేతికొచ్చాక చూస్తే, ఎడమకాళ్ళన్నీ గీత గీసినట్టు ఒకే వరసలో ఉన్నాయి. అంచున ఆయన సగం చొక్కా, డ్రమ్ముకి తాళం వేస్తున్న చెయ్యి. మొహం లేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది. పవర్ హౌస్ స్టేషన్లో రైలెక్కుతూ కూడా ఆయన నవ్వుతూనే ఉన్నారు. “కాళ్ళు బెమ్మాండంగా వొచ్చినాయి పైడమ్మా! మొహానికేటి, మళ్ళీ వొచ్చినప్పుడు తీద్దువుగాని.”

రాలేదు. రెండేళ్ళకు చావు కబురొచ్చింది. అందరి పేర్లూ రాయించిన మనిషి తన పేరెప్పుడూ రాయించలేదు. ఆ రోజు ఆ ఫోటో తిప్పి ఆయన పేరు నేనే రాశాను. ఇప్పుడు ఆ మొహం గుర్తు తెచ్చుకోబోతే చెదిరిపోతోంది. మీసం ఉండేదా, లేదా అని నాతో నేనే తగువు పడుతుంటాను.

మొన్న డ్రమ్ము మోగితే ఫోటో తీసి చూస్తున్నాను. “నానమ్మా, యే కిస్కా హాథ్?” అంటూ మనవరాలు ఆ చెయ్యి ఎవరిదని చూపించి అడిగింది. వెనక్కి తిప్పి ఇచ్చాను. ఇక్కడే పుట్టిన పిల్ల, హిందీ గడగడా చదువుతుంది, తెలుగు చదవలేదు. “నువ్వే చదువు” అని నా చేతిలోనే పెట్టేసింది.

కళ్ళద్దాలు తుడుచుకుని, ఒక్కో అక్షరం మీదా ఆ వేలే పెట్టి, మనవరాలికి వినబడేలా చదివాను.