రాజుగారి తరుగు

ఈ ఉదయం ముసురు పట్టింది. మెత్తబడిన గుమ్మెటను పొయ్యి సెగకు చూపించగానే తోలు వేడెక్కిన వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు పైడమ్మ పిన్ని గుర్తుకొస్తుంది. వరసకు పిన్ని కాదు, బుర్రకథ నేర్పిన గురువు. అనకాపల్లి చుట్టుపక్కల ఆమె తంబురా భుజాన వేసుకుని వేదికెక్కిందంటే చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేవాళ్లు. మనిషి మహా కోపిష్టి. తాళం తప్పితే జనం ముందే కళ్లెర్రజేసేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆమెకు అటొక వంత, ఇటు నేను. కథకురాలు కథ చెబుతుంటే గుమ్మెట వాయించే వంత మధ్యలో అడ్డం తగిలి, ఊరి సంగతుల మీద చురకలు వేయాలి. అది మా హక్కు. ఆ ఏడు పట్టణంలోని కళాసమితి వేదిక మీద, రాజు తన ఎత్తు బంగారం దానమిచ్చే ఘట్టం నడుస్తోంది. రాజు తక్కెట్లో కూర్చోగానే నా నోరు ఊరుకోలేదు.

"ఇక్కడ తూగేరు గాబట్టి సరిపోయింది పిన్నీ! అదే బెల్లం కొట్లో కాటా ఎక్కుంటే, తరుగని సెప్పి రాజుగోరి కాలొకటి తీసీసుందురు!"

హాలంతా విరగబడి నవ్వింది. సమితి అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు. ఆయనకు బెల్లం కొట్టుంది. రైతు తెచ్చిన బెల్లం తూకంలో తరుగు పేరుతో ఆయన కోసే కోత అక్కడ అందరికీ తెలుసు.

ఆ వారంలోనే సమితి కార్యదర్శి పిన్ని ఇంటికి వచ్చాడు. ఆమె, నేను చింతపండు గింజలు తీస్తున్నాం.

"ఆ పిల్లని మార్చీ పైడమ్మా, ఎప్పట్లాగే పిలుత్తాం. నేదంటే నీకూ సమితికీ సంబంధం నేదు."

"అన్నది అదే గానీ, మాట నాది బాబూ. మానిపిత్తే నన్ను మానిపించండి."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "నేనెల్లిపోతాను పిన్నీ" అన్నాను.

"నోరు మూసుకుని గుమ్మెట తియ్యి. మొన్న తాళం తప్పేవు" అని కసిరింది.

సమితి అన్నంత పనీ చేసింది. దాన్ని చూసి మిగతా వేదికలూ మొహం చాటేశాయి. కథ తప్ప వేరే బతుకు తెలియని మనిషి చెరకు తోటల్లో కూలికి వెళ్లింది. ఒక్కనాడూ నన్ను నిష్ఠూరమాడలేదు.

ఆ తోటల నుంచే పిలుపు వచ్చింది. కోతలయ్యాక కొండకర్ల రైతులు ట్రాక్టరు తొట్టినే వేదిక చేశారు. రాజు తక్కెట్లో కూర్చోగానే, నేను నోరు తెరిచేలోపే, "కాలు తీసీసేరు!" అని జనమే అరిచారు. పిన్ని పాట ఆపి, పొట్ట పట్టుకుని నవ్వింది. అక్కణ్నుంచి ఊరూరా మా కథే. సమితి హాల్లో కుర్చీలు ఖాళీ.

మరుసటి ఏడు అదే కార్యదర్శి కథ చెప్పడానికి రమ్మంటూ మళ్లీ గుమ్మంలో నిలబడ్డాడు.

"ముగ్గురం వత్తాం. కథలో ముక్క తియ్యం" అంది పిన్ని.

కథ రోజు సమితి హాల్లో అధ్యక్షుడు ముందు వరసలోనే కూర్చున్నాడు. తక్కెడ ఘట్టం వచ్చేసరికి చురక వేయకుండా గుమ్మెట వాయిస్తూ పోయాను. పిన్ని తంబురా ఆపి నా వైపు తిరిగింది.

"ఏటే, నోరు పడిపోయిందేటి? రాజుగోరు తూగేరా నేదా?"

అనేశాను. హాలు దద్దరిల్లింది. అధ్యక్షుడు అటూ ఇటూ చూసి చివరికి తనూ నవ్వాడు. నవ్వక చస్తాడా! కథ ముగిశాక శాలువా పట్టుకుని వేదిక మీదికి వచ్చాడు. పిన్ని వెనక్కి జరిగి, నన్ను భుజం పట్టి ముందుకు తోసింది.

"దానికి కప్పండి బాబూ. ఆ మాట దానిది."

అంత గర్వం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు. ఇప్పుడు నేనే కథకురాలిని, నా పక్కనా ఇద్దరు వంతలున్నారు. వాళ్ల మాట మీద ఎవరైనా తగువుకొస్తే నేనే ఎదురెళ్తాను. శాలువా వస్తే వెనక్కి జరుగుతాను. నిజం చెప్పాలంటే, ఆ రెండోదే నాకింకా కష్టంగా ఉంది.